అందరూ పడీపడీ నవ్విన సినిమా మీకు చప్పగా అనిపిస్తే

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. ఇంట్లోవాళ్ళూ స్నేహితులూ ఆఫీసులోవాళ్ళూ ఏళ్ళ తరబడి డైలాగులు అప్పజెప్పే ఒక కుటుంబ హాస్య చిత్రాన్ని మీరు ఈమధ్యే మొదటిసారి చూశారు. ఫోన్‌లో, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, ఒక్కరే, రెండు రాత్రుల్లో ముక్కలుగా. అక్కడక్కడా పెదవి కదిలిందే తప్ప నవ్వు రాలేదు. చెత్త సినిమా అని అనిపించలేదు కానీ "ఇంతేనా?" అనిపించింది. ఇప్పుడు మీ సందేహాలు: నాకు హాస్యం ఎక్కదా? సినిమా పాతబడిపోయిందా? ఇంకోసారి చూడాలా, వదిలేయాలా? "ఎలా ఉంది?" అని అడిగేవాళ్ళకి ఏం చెప్పాలి? సినిమా పేరు మీరు చెప్పకపోవడమే మేలైంది, చెప్పుంటే మాటలన్నీ దానిమీదికే మళ్ళేవి.

సూటిగా చెప్తాను: మీ హాస్యస్పృహకి ఏమీ కాలేదు, మీవాళ్ళూ అబద్ధం చెప్పట్లేదు. నిండు హాలుని దృష్టిలో పెట్టుకుని కట్ చేసిన సినిమాని మీరు ఖాళీ గదిలో చూశారు. అదీ సగం జోకులు ముందే విని, ఆకాశమంత ఆశ పెట్టుకుని. నలుగురితో కలిసి ఇంకొక్కసారి చూడండి. అప్పటికీ నవ్వు రాకపోతే హాయిగా వదిలేయండి. నవ్వు బలవంతం మీద వచ్చేది కాదు.

నేను ఎడిటర్‌ని. నా చేతిలో పడినవాటిలో కుటుంబ కామెడీలే ఎక్కువ. అందుకని ఈ సంగతి టేబుల్ దగ్గర నుంచి మొదలుపెడతాను.

కామెడీ సీన్‌లో మమ్మల్ని ఏడిపించేది డైలాగు కాదు, డైలాగు అయిపోయాక ఎంతసేపు ఆగాలన్నది. ఒక మామూలు సీన్ అనుకోండి. అల్లుడు హాల్లో అందరి ముందూ మామగారి నడకని అనుకరిస్తున్నాడు. వీపు తలుపు వైపు ఉంది. తలుపు తీసుకుని మామగారే వచ్చి నిలబడ్డారు. చూస్తున్నవాళ్ళు ఒక్కొక్కరే నోరు మూసుకుంటున్నారు. అల్లుడు మాత్రం ఇంకో రెండడుగులు అలాగే వేసి వెనక్కి తిరిగాడు. ఇప్పుడు ఆ అల్లుడి మొహం మీద షాట్ ఎంతసేపు నిలపాలి? సెకనుకి 24 ఫ్రేములు కదా, టేబుల్ దగ్గర ఒంటరిగా చూస్తే నాకు 20 ఫ్రేములు చాలనిపిస్తుంది. సెకను కూడా అక్కర్లేదు, విషయం అర్థమైపోయింది. కానీ హాల్లో జరిగేది వేరు. ఆ మొహం కనపడగానే ఒక మూల నవ్వు లేస్తుంది, అది పక్క వరసలకి పాకుతుంది, చల్లారడానికి మూడు నాలుగు సెకన్లు తీసుకుంటుంది. ఈలోపు మామగారి చేత మాట్లాడిస్తే ఆ మాట ఎవరికీ వినపడదు. కథకి అవసరమైన మాటైతే కొంప మునిగినట్టే, తర్వాతి సీన్ ఎవరికీ అర్థం కాదు.

అందుకని సాగదీస్తాం. అల్లుడి మొహం, తర్వాత అత్తగారి మొహం, తర్వాత ఏమీ ఎరగనట్టు పేపరు ఎత్తుకునే బావమరిది. డబ్బింగ్‌లో అల్లుడి చేత "అదీ... అంటే... మామయ్యగారూ... ఏంటంటే..." అని నాలుగు నసుగుళ్ళు పెట్టిస్తాం. అవి వినపడకపోయినా పోయేదేం లేదు, అసలు వినపడకూడదనే పెట్టినవి. నిండు హాల్లో ఆ నాలుగు సెకన్లూ నవ్వు కింద దాక్కుంటాయి. మీరు ఇయర్‌ఫోన్స్‌లో విన్నప్పుడు పైన ఏమీ లేదు, ఖాళీ. ఒకరి తర్వాత ఒకరు కళ్ళు పెద్దవి చేస్తున్న మొహాలూ, పనికిమాలిన నసుగుళ్ళూ, వాటి వెనక టొయ్‌య్ మని ఒక సౌండూ. "ఎందుకు ఇంత ల్యాగ్?" అని మీకు అనిపిస్తుంది. అనిపించాలి కూడా. మీ చెవి సరిగ్గానే పనిచేస్తోంది.

ఇది ఇక్కడివాళ్ళ అలవాటో, పాతకాలపు అలవాటో కాదు. మార్క్స్ బ్రదర్స్ అనే అమెరికన్ హాస్యనటుల బృందం 1935లో చేసిన సినిమా 'ఎ నైట్ ఎట్ ది ఆపెరా' సంగతి ఎడిటింగ్ నేర్చుకునేవాళ్ళకి చెప్తుంటారు. నిర్మాత ఇర్వింగ్ థాల్బర్గ్ షూటింగ్‌కి ముందే ఆ కామెడీ సీన్లని స్టేజి మీద ఆడించాడు. వాళ్ళు ఊరూరా తిరిగి జనం ముందు ఆడారు, ఎక్కడ నవ్వుతున్నారు, ఆ నవ్వు ఎంతసేపు ఉంటోంది అని చూసుకున్నారు. పేలని జోకుల్ని తీసేశారు, పేలినవాటి తర్వాత సినిమాలో ఆ మేరకి చోటు వదిలారు. అప్పట్లో హాళ్ళలో అది అద్భుతంగా పనిచేసింది. ఇవాళ అదే సినిమాని ఇంట్లో ఒక్కరే కూర్చుని చూస్తే నటులు మాట చెప్పి ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు ఉంటుంది. నిజంగానే ఎదురుచూస్తున్నారు. వచ్చే జనం రాలేదు, అంతే.

టీవీవాళ్ళు ఈ సంగతి తొందరగానే పట్టేశారు. ఇంట్లో ముగ్గురో నలుగురో, ఒక్కోసారి ఒక్కరో కూర్చుని చూస్తారు కాబట్టి నవ్వుల సౌండుని కూడా కార్యక్రమంతో పాటే పంపించారు. 1950లలో చార్లీ డగ్లస్ అనే అమెరికన్ సౌండ్ ఇంజనీర్ దీనికోసం ఒక పెట్టెనే తయారుచేశాడు. మీటలు నొక్కితే కావలసిన సైజు నవ్వు వచ్చేది, ముసిముసి నవ్వు నుంచి హాలు దద్దరిల్లే నవ్వు దాకా. నాకు ఆ నవ్వులంటే చిరాకే, కానీ వాటిని ఎందుకు పెట్టారో మాత్రం బాగా తెలుసు. సినిమాకి ఆ ఏర్పాటు లేదు. హాలు ఇస్తుందనుకున్న దాన్ని హాలు ఇవ్వకపోతే ఇంకెవరూ ఇవ్వరు.

నవ్వు మీద ఏళ్ళ తరబడి పనిచేసిన రాబర్ట్ ప్రొవైన్ అనే శాస్త్రవేత్త చెప్పింది కూడా ఇక్కడ పనికొస్తుంది. ఆయన విద్యార్థుల చేత ఎప్పుడెప్పుడు నవ్వారో రాయించాడు. టీవీ, పుస్తకం లాంటివేవీ చేతిలో లేనప్పుడు, ఒంటరిగా ఉన్నప్పటికంటే పక్కన మనుషులు ఉన్నప్పుడు సుమారు 30 రెట్లు ఎక్కువ నవ్వుతున్నారని 1989లో వచ్చిన ఆ పరిశీలనలో తేలింది. తర్వాత జనం తిరిగే చోట్ల మాటువేసి 1200 నవ్వుల్ని నమోదు చేస్తే, వాటిలో జోకు లాంటిదేదైనా విన్నాక వచ్చినవి 20 శాతం కూడా లేవు. మిగతావన్నీ "సరే, మళ్ళీ కలుద్దాం" లాంటి ఉత్త మాటల తర్వాత వచ్చినవే. సినిమా చూసేటప్పుడు తేడా 30 రెట్లు ఉంటుందని నేననను, తెర మీద నవ్వించేవాడు ఉన్నాడు కదా. కానీ ప్రివ్యూల్లో నేను చూసేదీ ఇదే. నలుగురైదుగురు టెక్నీషియన్లం చెదురుమదురుగా కూర్చుంటే చచ్చిపడుండే రీలు, బయటి జనాన్ని కూర్చోబెడితే ఒక్క ఫ్రేము మార్చకుండానే లేచి కూర్చుంటుంది.

ఇక రెండోది. మీరు ఆ సినిమాని మొదటిసారి చూడలేదు. పూర్తిగా చూడటం మొదటిసారి కావచ్చు. కానీ దాంట్లో గట్టి సీన్లన్నీ మీమ్స్‌గా, స్టిక్కర్లుగా, రీల్స్‌గా మీ ఫోన్‌లోకి ఎప్పుడో వచ్చేశాయి. 1987లో జంధ్యాల తీసిన 'అహ! నా పెళ్ళంట!' సంగతి చూడండి. పిసినారి కోట శ్రీనివాసరావు కోడిని వేలాడదీసి, దాన్ని చూస్తూ వట్టి అన్నం తినే సీన్ ఆ సినిమా చూడనివాళ్ళకి కూడా తెలుసు. సినిమాలో వరసగా చూస్తే ఆ మనిషి ఎంత పిసినారో మెట్టుమెట్టుగా తెలుస్తూ ఉంటుంది, ఇంతకంటే ఏం చేస్తాడులే అనుకుంటుండగా కోడి కనిపిస్తుంది. క్లిప్‌గా చూసినవాడికి ఆ మెట్లేవీ ఉండవు. తర్వాత ఎప్పుడో అసలు సినిమాలో అదే సీన్ వస్తే "ఓ, ఇదిక్కడిదా" అనుకుంటాడు. అది గుర్తుపట్టడం. గుర్తుపట్టినప్పుడు నవ్వు పెద్దగా రాదు, తల ఊగుతుంది అంతే.

ఆ పేరునే తీసుకోండి. 'మాయాబజార్' 1957లో వచ్చింది, అందులో "అహ నా పెళ్ళియంట" పాట తెలియని ఇల్లు లేదు. ముప్పై ఏళ్ళ తర్వాత పోస్టరు మీద ఆ మాటలు కనపడగానే జనం మొహంలో నవ్వు మొదలయ్యేది, టికెట్ ఇంకా తీసుకోకముందే. కుటుంబ కామెడీల్లో ఇలాంటివి అడుగడుగునా ఉంటాయి. అప్పటి ఇంకో సినిమా డైలాగుని వెక్కిరించడం, అప్పటి ప్రకటనని అనుకరించడం, ఒక నటుడు అప్పటిదాకా వేసిన విలన్ వేషాలని గుర్తుచేస్తూ అతని చేత అమాయకుడి వేషం వేయించడం. ఆ పాత సరుకు మీ దగ్గర లేకపోతే అక్కడ జోకు ఉందని కూడా తెలియకుండా దాటిపోతారు. మీ పక్కన కూర్చుని ఎవరైనా విప్పి చెప్పొచ్చు, కానీ విప్పి చెప్పిన జోకుకి నవ్విన మనిషిని నేనింతవరకు చూడలేదు.

మీవాళ్ళ సంగతికొస్తాను. వాళ్ళు ఎందుకు అంత నవ్వుతారు? వాళ్ళు ఆ సినిమాని పది ఏళ్ళప్పుడో పన్నెండేళ్ళప్పుడో, ఇంటినిండా మనుషులున్నప్పుడు చూశారు. తర్వాత టీవీలో వచ్చిన ప్రతిసారీ చూశారు. ఇప్పుడు నటుడు నోరు తెరవకముందే డైలాగు చెప్పేస్తున్నారు. వాళ్ళ నవ్వులో సినిమా వాటా కొంతే, మిగతాది వాళ్ళ సొంత సరుకు. అమెరికాలో 1983లో వచ్చిన 'ఎ క్రిస్మస్ స్టోరీ' అనే కుటుంబ కామెడీకి సరిగ్గా ఇదే జరిగింది. విడుదలైనప్పుడు ఓ మోస్తరుగా ఆడిందంతే. తర్వాత టీవీలో మళ్ళీమళ్ళీ వేశారు. 1997 నుంచి ఒక చానల్ ఏటా పండగకి 24 గంటలపాటు అదే సినిమాని తిప్పితిప్పి వేయడం మొదలుపెట్టింది. ఇప్పుడది అక్కడి ఎన్నో ఇళ్ళలో పండగలో భాగం. పెద్దయ్యాక, బయటి నుంచి వచ్చి మొదటిసారి చూసినవాళ్ళు చాలామంది మీరన్న మాటే అంటారు: ఇంతేనా? పదేపదే ఎదురుపడిన దానిమీద ఇష్టం పెరుగుతుందని రాబర్ట్ జాయన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1968లోనే ప్రయోగాలు చేసి చూపించాడు. అర్థం లేని అక్షరాల మీద కూడా ఇష్టం పెరిగిందట, నలభైసార్లు చూసిన బాబాయి పాత్ర మీద పెరగదా?

కాబట్టి వాళ్ళ నలభయ్యోసారి చూడటంతో మీ మొదటిసారిని పోల్చకండి. అది పోటీయే కాదు.

రేటింగులు చూసి ఆశ పెంచుకున్నారని కూడా రాశారు. దీనిమీద ఒక చిన్న మాట. విమర్శకుల రివ్యూలని లెక్కగట్టే 'రాటెన్ టొమాటోస్' లాంటి వెబ్‌సైట్‌లో 95 శాతం అని ఉంటే ఆ సినిమాకి వందకి 95 మార్కులు వచ్చాయని చాలామంది అనుకుంటారు. అది కాదు. రాసిన విమర్శకుల్లో వందకి 95 మంది "ఫరవాలేదు, చూడొచ్చు" లేదా అంతకంటే మంచి మాట అన్నారని దాని అర్థం. అందరికీ కాస్త కాస్త నచ్చిన సినిమాకి కూడా 95 రావచ్చు, సగం మందికి పిచ్చిపిచ్చిగా నచ్చిన సినిమాకి 50 రావచ్చు. కుటుంబ కామెడీ అచ్చంగా మొదటి రకం. దాని పనే అది: ఏడేళ్ళ పిల్లా, కాలేజీ కుర్రాడూ, నానమ్మా ఒకే సోఫాలో కూర్చుంటే ఎవరూ ఇబ్బందిపడి లేచిపోకూడదు. ఆ ముగ్గురినీ దాటాలంటే ప్రతి జోకు అంచులూ అరగదీయాలి. కథా చర్చల్లో పదునైన జోకులు ఎన్ని చచ్చిపోతాయో చెప్తే మీరు నమ్మరు. ఒక్కోసారి సీన్ మొత్తంలో బాగున్న ఒకే ఒక్క లైను "పిల్లలు అడుగుతారండీ, దీని అర్థం ఏంటని" అనే మాటతో పోతుంది. మీకు నల్ల హాస్యం, రాజకీయ వ్యంగ్యం లాంటి ఘాటైనవి అలవాటైతే ఇది చప్పగా ఉండటంలో వింతేముంది.

ఇప్పుడు ఎవరూ పట్టించుకోని చోటుకొస్తాను. నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది ఇదే: మీరు చూసిన కాపీ.

పాత సినిమాలు చాలావరకు కాస్త చదరంగా ఉండే ఫ్రేములో తీసినవి. ఇప్పటి వెడల్పాటి తెర నింపాలని కొందరు పైనా కిందా కోసేస్తారు. ట్రాజెడీలో మొహం మిగిలితే చాలు, బండి నడుస్తుంది. కామెడీలో సగం పని కాళ్ళు చేస్తాయి. అరటితొక్క ఫ్రేము కింది అంచున ఉంది, దాన్ని కోసేశారు, ఇక మనిషి ఏ కారణమూ లేకుండా పడిపోయాడు. దీనికి ఎవరు నవ్వుతారు? పైగా కామెడీని ఎక్కువగా వైడ్ షాట్‌లో తీస్తారు, ఒకడు తిడుతుంటే వెనకాల ఇంకొకడు ఏం చేస్తున్నాడో ఒకేసారి కనపడాలని. హాల్లో ఆ వెనకవాడు నిలువెత్తు మనిషి. మీ ఫోన్‌లో వాడు బియ్యపుగింజంత. వాడి కనుబొమ్మ కదిలితేనే జోకు అయినప్పుడు మీరు దాన్ని చూసే అవకాశమే లేదు.

సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూశారేమో గుర్తుచేసుకోండి. ప్రశ్నా జవాబూ ఒకే కార్డులో రెండు లైన్లుగా వచ్చేస్తాయి. నటుడు ఊపిరి తీసుకుని, అటూ ఇటూ చూసి, మెల్లగా చెప్పబోయే పంచ్‌ని మీరు రెండు సెకన్ల ముందే చదివేశారు. ఆ రెండు సెకన్ల కోసం నటుడు ఎన్ని టేకులు చేశాడో, మేం ఎన్ని రకాలుగా కట్ చేసి చూశామో! భాష వచ్చిన సినిమాకి సబ్‌టైటిల్స్ ఆపేయండి. రానిదైతే డబ్బింగ్ కంటే సబ్‌టైటిలే నయం అంటాను, ఎందుకంటే డబ్బింగ్‌లో పెదాల కదలికకి సరిపెట్టాలని మాటని సాగదీయడమో కుదించడమో చేస్తారు, టైమింగ్ అక్కడే పోతుంది.

వేగం పెంచి చూసే అలవాటు ఉంటే ఇక చెప్పేదేం లేదు. రెండు రాత్రుల్లో ముక్కలుగా చూడటం కూడా ఆ కోవలోదే. మొదటి గంటలో ఒక మాట నాటి, రెండో గంటలో దాన్ని మళ్ళీ మళ్ళీ వాడి, క్లైమాక్స్‌లో ఎవరూ అనుకోని మనిషి నోట అదే మాట అనిపించడం కుటుంబ కామెడీల్లో పాత విద్య. మధ్యలో ఒక పగలంతా గడిస్తే ఆ నాటిన మాట మీకు గుర్తుండదు. అందరూ విరగబడి నవ్వే చివరి పదిహేను నిమిషాలు మీకు గోలగా అనిపించాయని రాశారు చూడండి, నా అనుమానం దీనిమీదే.

ఇంతా చెప్పి సినిమాని వెనకేసుకొస్తున్నానని అనుకోకండి. కొన్నిసార్లు తప్పు సినిమాదే. అప్పట్లో కొత్తగా ఉన్న ట్రిక్కుని తర్వాత వచ్చిన వందమంది వాడి వాడి అరగదీసి ఉంటారు, మీరు ఆ వందనీ ముందు చూసి అసలుదాని దగ్గరికి చివరగా వచ్చారు. ఇందులో ఎవరి తప్పూ లేదు, పెద్దగా చెప్పాల్సిందీ లేదు.

ఇంకో రకం ఉంది, అది వేరు. నత్తి ఉన్న మనిషిని, నల్లగా ఉన్న అమ్మాయిని, లావుగా ఉన్న పిల్లాణ్ణి పట్టుకుని సినిమా మొత్తం నవ్వించే ప్రయత్నం చేసేవి. భార్య చెంప పగలగొట్టడాన్ని కామెడీగా పెట్టినవి. జనం ఎంతో ప్రేమించే ఒక కుటుంబ కామెడీ ఇలాంటిదే, దాన్ని నేను నిండు హాల్లో, మంచి ప్రింటులో, ఇష్టమైన మనుషుల మధ్య కూర్చుని చూశాను. చుట్టూ అందరూ నవ్వుతున్నారు. నాకు ఆ నత్తి పాత్ర వేసిన నటుడి కళ్ళే కనపడుతున్నాయి. అతను బాగా చేశాడు, ఎడిటింగ్ కూడా ఎక్కడా వంక పెట్టడానికి లేదు. అయినా నవ్వు రాలేదు, రాదు కూడా. మీకు నవ్వు రానిది ఇలాంటి చోటైతే పైన నేను చెప్పినవన్నీ పక్కన పడేయండి. హాలు మారినా, కాపీ మారినా ఆ సంగతి మారదు, మారాల్సిన అవసరమూ లేదు.

మరి మీది ఏ రకమో ఎలా తేల్చుకోవాలి? నేనైతే ఒకటే అడుగుతాను: సినిమా చూసి కొన్నాళ్ళయింది కదా, ఇప్పుడు ఏం గుర్తున్నాయి? జోకులు గుర్తులేకపోయినా మనుషులు గుర్తుంటే ఆశ ఉంది. ఆ ఇంటి పెద్దాయన కళ్ళజోడు వెతుక్కునే తీరో, చిన్నకోడలు తలుపు సందులోంచి చూసే చూపో తలుచుకుంటే మీ మొహం కాస్త విచ్చుకుంటోందా? అయితే సినిమా మీలోకి వెళ్ళింది, నవ్వు మాత్రమే బయటికి రాలేదు. నాతో పనిచేసిన ఒక అసిస్టెంటు కుర్రాడికి ఇలాగే అయ్యింది. అందరూ నెత్తిన పెట్టుకునే ఒక పాత కామెడీ చూసి "ఏముంది సార్ అందులో, అందరూ అరుస్తూ ఉంటారు" అన్నాడు. కానీ ఇంకేదో సీన్ కట్ చేస్తూ "ఆ సినిమాలో పెద్దమ్మ కోపమొస్తే గరిటె పక్కన పెట్టి మరీ తిడుతుంది చూడండి, అలా ఉండాలి సార్" అన్నాడు. గరిటె పక్కన పెట్టడం! అంత చిన్నది పట్టుకున్నవాడికి సినిమా నచ్చలేదంటే ఎవరు నమ్ముతారు? తర్వాత వాళ్ళ ఇంట్లో పిల్లలతో కలిసి చూశాడట. పిల్లలు నవ్వుతుంటే తనూ నవ్వాడని, ఎక్కడ నవ్వాడో మాత్రం సరిగ్గా గుర్తులేదని చెప్పాడు. అంతకంటే మంచి రివ్యూ ఉండదు.

ఒక్క పాత్ర కూడా గుర్తురాకపోతే, తలుచుకుంటే గోల, అరుపులు తప్ప ఏమీ లేకపోతే, రెండోసారి చూడటం అనవసరం. ఆ రెండున్నర గంటల్లో ఇంకో కొత్త సినిమా చూడొచ్చు.

మళ్ళీ చూడాలనుకుంటే మాత్రం ఇలా చూడండి. పెద్ద తెర మీద, లేదా కనీసం టీవీలో. పక్కన ముగ్గురు నలుగురైనా ఉండాలి, వాళ్ళలో ఒకరిద్దరు ఆ సినిమా చూడనివాళ్ళై ఉంటే మరీ మంచిది. అన్నీ కంఠతా వచ్చిన మనిషిని మీ పక్కన కూర్చోబెట్టుకోకండి. "ఇప్పుడు చూడు, ఇప్పుడు చూడు" అని మోచేత్తో పొడిచేవాడు ఎంత గొప్ప జోకునైనా చంపేయగలడు. నవ్వాలని కూర్చోవద్దు, కథ చూడాలని కూర్చోండి. మీరు నవ్వారా లేదా అని మీరే కాపలా కాస్తుంటే నవ్వు గడప దాకా వచ్చి వెనక్కి పోతుంది. మొదటి 40 నిమిషాలు ఇలా చూసి, పక్కవాళ్ళు నవ్వుతున్నా మీకు మాత్రం టైము చూసుకోవాలనిపిస్తుంటే, లేచి వెళ్ళి మీ పని చూసుకోండి. అంతకుమించి ఏ సినిమాకీ అవకాశం ఇవ్వక్కర్లేదు.

ఇంట్లోవాళ్ళకి ఏం చెప్పాలన్నది మిగిలింది. నచ్చినట్టు నటించకండి, దొరికిపోతారు. "ఏ సీన్ నచ్చింది?" అన్నది వాళ్ళ రెండో ప్రశ్న, తప్పదు. అలాగని "ఏముంది అందులో?" అని కూడా అనకండి, అది సినిమాకి తగలదు, దాన్ని చూస్తూ పెరిగినవాళ్ళకి తగులుతుంది. "నాకు అంత నవ్వు రాలేదు గానీ, మీరు మొదటిసారి ఎక్కడ చూశారు?" అని అడిగి చూడండి. ఎవరితో వెళ్ళారో, ఎవరు కుర్చీలోంచి జారిపడేలా నవ్వారో, ఇంటికొచ్చాక ఎన్నాళ్ళు ఆ డైలాగుతో ఎవరిని ఏడిపించారో చెప్పుకొస్తారు. సినిమా కంటే అది బాగుండే అవకాశం ఎక్కువ.

రివ్యూ రాయాలా వద్దా అని కూడా చివర్లో అడిగారు. నిరభ్యంతరంగా రాయండి. కాకపోతే ఫోన్‌లో, ఒక్కరే, రెండు విడతలుగా చూశానని మొదటి లైన్‌లోనే చెప్పేయండి. నాలాంటివాడు చదివితే మీరు తిట్టిన ల్యాగ్‌లో ఎంత ఎడిటర్‌ది, ఎంత ఇయర్‌ఫోన్స్‌ది అని వాడే లెక్కేసుకుంటాడు.